మా అమ్మ పట్టిన నిప్పుకుండ

మొన్న బళ్లారిలో మోకాళ్ల నొప్పులకు మాత్రలు కొనుక్కుని వస్తూ ఒక పూసలంగడి ముందు ఆగిపోయాను. ఎర్ర పూసలు, తెల్ల పూసలు కలిపి గుచ్చిన దండలు మేకుకు వేలాడుతున్నాయి. జాతర వస్తోంది కదా, కావాలా అమ్మా అని అంగడతను అడిగాడు. వద్దన్నాను. అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. ఆ పూసలకు ఒక వాసన ఉంటుంది. కొత్తవాటికి రాదు, ఏళ్ల తరబడి మెడలో ఉన్నవాటికి వస్తుంది. చెమట, పసుపు, ఆముదం, పొయ్యి పొగ అన్నీ కలిసిన వాసన. చిన్నప్పుడు నేను ఆ వాసన పీలుస్తూ నిద్రపోయేదాన్ని. అవి మా అమ్మ మెడలో ఉండేవి. ఇంటికొచ్చాక మాత్రలు వేసుకోవడం మరిచిపోయి మూడు రోజులు ఇదే తలపోశాను. రాసేస్తే కాస్త కుదురుకుంటానేమోనని ఇప్పుడు కూర్చున్నాను.

మా ఊరు సిరుగుప్ప తాలూకాలో, నల్లరేగడి నేల మీద ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ నేను చెప్పే ఊరు అది కాదు. ఊరికి ఎడంగా మా గేరి, అంటే మా వాడ, ముప్ఫై గుడిసెలు. ఊళ్లో కన్నడం, గేరిలో తెలుగు, సంతలో ఉర్దూ. మా నోళ్లలో మూడూ కలిసిపోయేవి. ఇంట్లో ముగ్గురం. అమ్మ, నేను, అమ్మ తండ్రి. మా వైపు తాతను అబ్బ అంటాం. అబ్బ పచ్చితోళ్లు నానబెట్టి ఊనేవాడు, తప్పెట్లు బిగించేవాడు. వాకిట్లో తంగేడు చెక్క నానిన తొట్టి ఎప్పుడూ ఉండేది. ఆ కంపు మా బట్టలకు, జుట్టుకు, చివరికి తినే రొట్టెకు కూడా పట్టేది. బడిలో పిల్లలు నా పక్కన కూర్చునేవాళ్లు కారు. తోలు కంపు వల్ల కాబోలనుకుని పోయే ముందు కుంకుడుకాయతో ఒళ్లంతా రుద్దుకునేదాన్ని. కంపు లేకపోయినా కూర్చోరని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

నాన్న ఎందుకు లేడో చెప్పాలి. అబ్బకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు, అమ్మ ఒక్కతే మిగిలింది. కొడుకు లేని ఇంట్లో ఒక ఆడపిల్లను దేవతకు విడవడం మా వైపు ఆచారం. గుడి ముందు కూర్చోబెట్టి మెడలో ఆ పూసలు కడతారు. బసివి అంటారు ఆమెను. బసివికి పెళ్లి ఉండదు. పుట్టింట్లోనే కొడుకులాగా ఉండిపోతుంది. తండ్రి పోతే ముందు నిప్పుకుండ పట్టుకుని నడిచేది ఆమె, గుంతలో మొదటి పిడికెడు మన్ను వేసేది ఆమె. దానికోసమే విడుస్తారు. మిగతాది ఊళ్లో మగవాళ్ల ఇష్టం. నేను పుట్టడానికి కారణమైన మనిషి ఊళ్లోనే ఉండేవాడు. జోడెడ్ల బండి తోలుకుంటూ మా గేరి ముందు నుంచే పోయేవాడు, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఏ ఏడు ఆ ఎద్దుల కొమ్ములకు ఏ రంగు వేశాడో నేను మాత్రం గుర్తుపెట్టుకునేదాన్ని.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మకు కడుపులో గడ్డ లేచింది. బళ్లారిలో మిషన్ ఆసుపత్రిలో నెల రోజులు ఉంచారు. నేను ఆమె మంచం కింద పడుకునేదాన్ని. ఫినాయిల్ వాసన, ఉడికిన బియ్యపు గంజి వాసన, ఎవరో ఒకరు మూలుగుతూ ఉండటం, ఇవీ నా జ్ఞాపకాలు. రోజూ మధ్యాహ్నం తెల్లచీర కట్టుకున్న ఒకామె చేతిసంచీతో వచ్చి మంచాల మధ్య కూర్చుని బైబిలు కథలు చెప్పేది. వాక్యమమ్మ అనేవాళ్లు ఆమెను. ఒకరోజు ఆమె బావి దగ్గర కథ చెప్పింది. ఐదుగురు మగవాళ్లతో కాపురం చేసిన ఒక ఆడమనిషి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నీళ్లకు వస్తుంది. అక్కడ కూర్చున్న ప్రభువు ఆమెను నీళ్లడుగుతాడు, ఆమె బతుకంతా ఆమెకే చెబుతాడు. ఆమె కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తి అందరికీ చెబుతుంది. అమ్మ లేచి కూర్చుని మళ్లీ చెప్పమంది. మూడోసారి చెప్పించుకున్నాక నా వైపు తిరిగింది.

"మిట్టమధ్యానం ఒంటిగా యాల పోయిందో తెలుసునా పాపా? పొద్దున పోతే తక్కిన ఆడోళ్లు పక్కన నిలబడనియ్యరు. ఆయమ్మ కూడా మనట్లాంటిదే."

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ మనిషి మారిపోయింది. దేవుడు తనను పిలిచాడని, ఆ తెల్లచీర ఆమెలాగా ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పమన్నాడని అబ్బతో చెప్పింది. అబ్బ వాకిట్లో తోలు గీకుతున్నాడు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది ఆయనకు.

"ఏమ్మే, నీకు సదువు రాదు. మొగుడు లేడు. మెళ్లో పూసలుండాయి. నీ వాక్యం ఎవురింటారే?"

అబ్బ తప్పేమీ అనలేదు. ఆ మూడూ నిజమే.

మా గేరిలో అప్పటికే ఐదిళ్లవాళ్లు క్రైస్తవులు. సిరుగుప్ప నుంచి నెలకు రెండు ఆదివారాలు ఒక పాదిరి అయ్యగారు సైకిల్ మీద వచ్చి, పందిరి కింద ప్రార్థన పెట్టేవాడు. సన్నగా, ఎప్పుడూ అలసిపోయినట్టు ఉండేవాడు. ఆయనా మాలాంటి గేరిలోనే పుట్టాడట. అమ్మ సంగతంతా విన్నాడు. బసివికి ఇదివరకు ఎవరూ బాప్తిస్మం ఇచ్చినట్టు తనకు తెలియదన్నాడు. అయినా వద్దనలేదు. ముందు చదవడం నేర్చుకోవాలి, పూసలు తీసేయాలి, ఆ తరవాత ఏడాది పరీక్ష అన్నాడు. ఆ ఏడాదిలో జాతర కూడదు, మొక్కు కూడదు, సారా కూడదు, పాత పద్ధతిలో చావు కర్మలు కూడదు. అది దాటితే బాప్తిస్మం. బాప్తిస్మం అయితేనే ఆరు నెలల చదువుకు పంపి తెల్లచీర ఇస్తారు. వాక్యం చెప్పే పనికి అదొక్కటే దారి.

చదువు నాతోనే మొదలైంది. బడిలో నాకు కన్నడం నేర్పేవాళ్లు, తెలుగు అక్షరాలు అయ్యగారు ఆదివారాల్లో నేర్పాడు. రొట్టెలు తట్టే ముందు అమ్మ కొయ్యతట్టలో జొన్నపిండి పల్చగా పరిచేది. నేను వేలితో ఒక అక్షరం రాసేదాన్ని, పక్కన ఆమె రాసేది. తప్పు రాస్తే నేను ఆమె చేతి మీద చిన్న దెబ్బ వేసేదాన్ని. మా పంతులు నాకు వేసే దెబ్బలన్నీ అలా తీర్చుకున్నాను. తరవాత వేణ్ణీళ్లు పోసి ఆ పిండినే పిసికి రొట్టె చేసేది. గురెళ్ల కారంతో ఆ రొట్టె తింటూ ఇవాళ నేను గుణింతం మింగాను అని నవ్వేది. ఒకరోజు పిండి అలాగే వదిలి ఆమె నీళ్లకు పోయింది. అబ్బ బీడీకి నిప్పు తీసుకోవడానికి లోపలికి వచ్చాడు. తట్ట అడ్డంగా ఉంది. కాలితో జరిపేస్తాడనుకున్నాను. వంగి రెండు చేతులతో అక్షరాలు చెదరకుండా ఎత్తి పక్కన పెట్టాడు. నేను చూశానని తెలిసి ఊరికే కసిరాడు.

ఒక ఆదివారం ప్రార్థన ముందు అమ్మ పూసల దండ తెంపి, అబ్బ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తోలు మేకులు వేసుకునే ముంతలో వేసుకున్నాడు, ఒక్క మాట అనలేదు. అనాల్సిందంతా ఊరు అంది. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. దేవత పేరున కట్టిన పూసలు తెంపితే వాన ఎట్లా వస్తుందని ఊరి పెద్ద గౌడ ఇంటి ముందు పంచాయితీ పెట్టారు. అమ్మను ఊరి పొలాల్లోకి కూలికి పిలవడం మానేశారు. గేరిలో కూడా మాకు నిప్పు ఇచ్చేవాళ్లు లేరు. అబ్బను తప్పెటకు పిలిచేవాళ్లు కానీ, వాయించాక ఆయనకు కల్లు పోసే ముంత వేరు చేశారు. ఆయన ఇంటికి వచ్చి అమ్మను తిట్టేవాడు. తిట్టి తిట్టి, ఆకలేస్తాంది పెట్టు అనేవాడు.

మమ్మల్ని ఆదుకున్నది కాలువ. తుంగభద్ర కాలువ కొత్తగా వచ్చి, కోస్తా నుంచి రైతులు దిగి, వరి వేసుకుని గుడిసెలు కట్టుకున్నారు. వాళ్లుండే చోట్లను క్యాంపులు అనేవాళ్లు. అమ్మ మూడు మైళ్లు నడిచి క్యాంపుకు నాట్లకు, కలుపుకు పోయేది. సెలవు రోజున నేనూ పోయేదాన్ని. ఒక రైతు భార్య, బొద్దుగా, చెవులకు ఎర్రరాళ్ల దుద్దులతో ఉండేది. మేము క్యాంపమ్మ అనేవాళ్లం. మా మాటలు ఆమెకు నవ్వు, ఆమె మాటలు మాకు నవ్వు. ఆమె పెట్టే తెల్లన్నం, ఆవకాయ కోసం నేను ఏమైనా చేసేదాన్ని. ఒకసారి మా అబ్బ చచ్చిపోయాడని ఏడుపు మొహం పెట్టి చెప్పాను. ఆమె పాపం అనుకుని డొప్పలో రెండు ముద్దలు, ఇంత ఊరగాయ ఎక్కువ పెట్టింది. నేను తింటూ ఉండగానే అబ్బ నన్ను వెతుక్కుంటూ కర్ర ఊతంగా గట్టు మీద వస్తున్నాడు. క్యాంపమ్మ నోరు తెరిచి ఉండిపోయింది. సంగతి తెలిసి అబ్బ నన్ను కొట్టలేదు. చచ్చినోడికి ఏమన్నా మిగిల్చినావా లేదా అని డొప్ప లాక్కుని ఊరగాయ నాకేశాడు.

అలా ఏడాది గడవవచ్చింది. అమ్మ తడుముకోకుండా చదివేది. బళ్లారిలో ఉండే మిషన్ దొరసాని మా అమ్మను చదువుకు తీసుకోవడానికి ఒప్పుకుందని అయ్యగారు ఒక ఉత్తరం తెచ్చి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగు చేసి చదివాడు. అమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని చూసింది. తనకు రాని అక్షరాలను కూడా వేలితో తాకింది. ఎండాకాలానికి కాలువ కట్టేసే లోపల ఆ నీళ్లలోనే బాప్తిస్మం ఇచ్చేయాలని అనుకున్నారు. ఇంక మూడు ఆదివారాలు. నన్ను కూడా బళ్లారిలో మిషన్ బడిలో చేర్చుకుంటారని తెలిసి నేను గేరి అంతా తిరిగి చెప్పాను, వినేవాళ్లకూ విననివాళ్లకూ.

ఆ వారమే అబ్బకు ఎండదెబ్బ తగిలింది. నాలుగు రోజులు మంచంలో ఉన్నాడు. నాలుక ఎండిపోయి మాట సరిగ్గా వచ్చేది కాదు. మూడో రోజు పొద్దున అమ్మ తడిగుడ్డ వేస్తుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కుండ నువ్వే పట్టాల. దానికే గదా నిన్ను విడిసింది."

అమ్మ చెయ్యి విడిపించుకోలేదు, సరేనని కూడా అనలేదు. అబ్బ కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"నేను నీకు చేసింది తప్పే అనుకో. అయినా నాకు నువ్వు తప్ప ఎవురుండారు?"

అమ్మ ఆయన నోట్లో నీళ్లు పోసింది. సగం లోపలికి పోయాయి, సగం మెడ మీదికి కారాయి.

మరునాడు తెల్లవారుతూనే అబ్బ పోయాడు. గేరి పెద్దలు వచ్చారు. మంచాన్ని వాకిట్లో చూరు నీడలో పెట్టారు. పసుపు, ఉప్పు, వేపాకు. అమ్మ వాళ్లకు మొక్కి, తాను కుండ పట్టకూడదని, దేశనూరులో ఉన్న అబ్బ తమ్ముడి కొడుకును పిలిపించమని అడిగింది. కబురు చెప్పడానికి ఒక మనిషి వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆ మామ వచ్చాడు. పట్టడానికి ఆయనకు అడ్డేమీ లేదు. పెద్దాయన ఒకడు ఒప్పుకోలేదు. బసివి బతికుండగా ఇంకొకరు పడితే చచ్చినవాడు దారి తప్పుతాడని, అట్లాంటి పీనుగను గేరి ఎత్తదని చెప్పి తుండు భుజాన వేసుకుని పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఒకరి తరవాత ఒకరు అందరూ అలాగే కూర్చున్నారు. మామ కూడా కూర్చున్నాడు.

ఆ పొద్దు నేను మరిచిపోలేదు. ఎండ జరిగేకొద్దీ చూరు నీడ జరిగేది. నీడతో పాటు మంచాన్ని జరపాలి. జరపడానికి ఎవరూ రాలేదు. అమ్మ ఒక కోడు, నేను ఒక కోడు పట్టుకుని ఈడ్చాం. మూడుసార్లు ఈడ్చాం. ఈగలు తోలడానికి నాకు ఒక వేపమండ ఇచ్చి అమ్మ లోపలికి పోయేది, మోకాళ్ల మీద కూర్చునేది. ఏమడిగిందో నాకు తెలియదు. జవాబు రాలేదని మాత్రం బయటికి వచ్చినప్పుడు మొహం చూస్తే తెలిసేది. నాలుగోసారి నీడ గోడ మొదట్లో చారెడు మిగిలింది. మంచం పట్టదు. అబ్బ వాసన మారింది. తోలు వాసనలో పుట్టి పెరిగిన నాకు కూడా అది తట్టుకోలేనిదిగా ఉంది. నేను వేపమండ పారేసి లోపలికి పోయి ఆమె భుజం పట్టి కుదిపాను.

"అమ్మా, అబ్బకు ఎండ తగుల్తాంది."

అమ్మ నా మొహం చూసింది. లేచి కొంగు నడుముకు బిగించింది.

"ఆయప్పను ఎండలో పెట్టి నేను ఎవురికి చెప్పేది వాక్యం?"

బయటికి వచ్చి కుండ తెమ్మంది. అరుగు మీద ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా లేచారు. ఒకరు పిడకలు రాజేశారు, ఒకరు ఉట్టి కట్టారు. ఎంత తొందరగా కదిలారో చూసి నాకు ఏడుపు వచ్చింది. అమ్మ తడిచీరతో నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది. వెనక తప్పెట్లు. అవి అబ్బ బిగించినవే. గుంత దగ్గర మొదటి పిడికెడు ఆమె వేసింది. ఇంటికి వచ్చాక ఏడాదిగా మా గడప తొక్కనివాళ్లు సంగటి, పప్పు తెచ్చిపెట్టారు. తిను తల్లీ, కొడుకనిపించుకున్నావు అని ఒక ముసలామె అమ్మ గడ్డం పట్టుకుంది. గేరి మమ్మల్ని మళ్లీ కలుపుకుంది. అమ్మ ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే పట్టుకుని, చివరికి నా పళ్లెంలో పెట్టింది.

అయ్యగారికి తెలియకుండానే పోయేది. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను. ఐదిళ్ల క్రైస్తవుల్లో పెద్దవాడు మా ఇంటికి వచ్చి, మేమేమీ చూడలేదమ్మా, నువ్వు సుమ్నే గమ్మునుండు, రెండు ఆదివారాలు దాటితే చాలు అన్నాడు. మిగతావాళ్లు కూడా అదే మాట మీద ఉన్నారు. అంతవరకు ఏ విషయంలోనూ కలవని గేరి ఈ ఒక్కదానికి కలిసింది. నేను అమ్మ కాళ్లు పట్టుకున్నాను. మిషన్ బడి, తెల్లచీర, దొరసాని ఉత్తరం అన్నీ గుర్తు చేశాను. అమ్మ నా తల దువ్వి జడ వేసింది.

ఆదివారం అయ్యగారు సైకిల్ దిగి తుండుతో మొహం తుడుచుకోగానే, ఇంకా పాట మొదలు కాకముందే అమ్మ లేచి నిలబడింది. నాయన పోయాడని, తాను కుండ పట్టానని, మన్ను వేశానని వరుసగా చెప్పింది. అయ్యగారు కళ్లు మూసుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేది కాదమ్మా."

"నాకు తెలుసు కదయ్యా."

ఆయన మళ్లీ ఏడాది పరీక్ష అన్నాడు. అది తాను పెట్టిన నియమం కాదని, ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాల్సి వస్తుందని చెప్పాడు. అమ్మ తలూపింది. కూర్చోబోతూ మళ్లీ నిలబడింది.

"ఒక మాట అడుగుతానయ్యా. బాయి కాడ ఆయమ్మను ముందు నీళ్లలో ముంచి ఊళ్లోకి పంపినాడా, ముంచకుండానే పంపినాడా?"

అయ్యగారు పుస్తకం తెరిచాడు, మూశాడు. ఆ రోజు ప్రార్థన తొందరగా ముగించాడు. పోయేటప్పుడు సైకిల్ ఎక్కకుండా గేరి చివరి దాకా తోసుకుంటూ పోయాడు. దొరసాని దగ్గర అమ్మకు ఉంచిన చోటు ఇంకొకరికి ఇచ్చారని తరవాతి నెల కబురు వచ్చింది.

నాకు దేవుడి మీద కోపం వచ్చింది, అయ్యగారి మీద వచ్చింది, అన్నిటికంటే అమ్మ మీద ఎక్కువ వచ్చింది. నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది? ఎనిమిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. పిండిలో అక్షరాలు రాయమంటే రాయలేదు. ఆమె తనంతట తానే రాసుకుని, తనంతట తానే తుడిచేసుకునేది. ఆ ఎనిమిది రోజులు నాకు ఇప్పుడు తిరిగి కావాలి.

మరుసటి ఏడు అబ్బ సంవత్సరీకం చేయనన్నది అమ్మ. గేరి మళ్లీ వెలివేసింది. అంతలో ఆ అయ్యగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన కాగితాలన్నీ చూసి, పెళ్లి లేకుండా బిడ్డ ఉంది కదా, ముందు ఆ మనిషితో పెళ్లి జరగాలి అన్నాడు. ఆ మనిషికి పెళ్లాం, నలుగురు పిల్లలు. ఇంకొన్నేళ్లకు వచ్చినాయన మొదటి అయ్యగారి సంతకం ఉన్న చీటీ తెమ్మన్నాడు. అప్పటికి ఆయన చనిపోయాడు. దొరసాని తన దేశం వెళ్లిపోయింది. అమ్మ ప్రతిసారీ పోయి అడిగేది, ప్రతిసారీ నడిచి తిరిగి వచ్చేది.

కానీ వాక్యం చెప్పడానికి ఆమె ఎవరి కోసమూ ఆగలేదు. తెల్లచీర లేదు, జీతం లేదు, చెప్పమన్నవాళ్లు లేరు. నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్లందరూ వంగి ఒక వరుసలో వెనక్కి నడుస్తారు కదా. ఆ వరుస గట్టు చేరేదాకా కథలో ఒక ముక్క చెప్పి, గట్టు తగలగానే ఆపేసేది. తరవాతి ముక్క కావాలంటే ఇంకో వరుస మొదలుపెట్టాలి. అమ్మ ఉన్న మడిలో నాట్లు తొందరగా అవుతాయని క్యాంపమ్మ కనిపెట్టింది. ఆమె తన దేవుళ్లకే దండం పెట్టుకునేది, అయినా మీ అమ్మను రేపు కూడా పంపవే, ఆ కథ సగంలో ఉంది అని నాకు కబురు చేసేది. అన్ని చోట్లా అలా జరగలేదు. కురుగోడు దగ్గర ఒక ఊళ్లో పేడనీళ్లు పోశారు. ఇంకో చోట రాయి తగిలి ముందు పన్ను పోయింది. ఆ తరవాత ఆమె మాటల్లో గాలి వచ్చేది, పిల్లలు నవ్వేవాళ్లు. పందిరి పోయి లేచిన క్రైస్తవుల గుడిలో ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేరున రొట్టె, రసం ఇచ్చే ఆదివారం, బాప్తిస్మం లేదు కనుక ఆమె గడప బయట కూర్చునేది. తాను వాక్యం చెప్పి తెచ్చిన ఆడవాళ్లు లోపల రొట్టె తీసుకుంటుంటే వాళ్ల పసిపిల్లలను ఒళ్లో పెట్టుకుని ఆడించేది.

నేను చదువుకుని నర్సునయ్యాను. అమ్మ నా దగ్గరికి వచ్చి ఉండలేదు. ఆమె పోయినప్పుడు, బాప్తిస్మం లేనిదానికి తమ సమాధుల తోటలో చోటు లేదని గుడివాళ్లు చెప్పారు. దేవతను విడిచినదానికి చోటు లేదని గేరివాళ్లు చెప్పారు. క్యాంపమ్మ అప్పటికి ముసలిదైంది. కొడుకులను కసిరి తన పొలం గట్టు పక్కన గుంత తవ్వించింది. ఎవరూ ప్రార్థన చెప్పడానికి రాలేదు. నాట్లు వేసే ఆడవాళ్లు పదిహేను మంది బురద కాళ్లతోనే వచ్చి, వాళ్లకు వచ్చిన పాట పాడారు.

అమ్మను తలుచుకుంటే నాకు ముందు కాలువే కనిపిస్తుంది. ఏటా నీళ్లు కట్టేసే ముందు అక్కడ బాప్తిస్మాలు ఇచ్చేవాళ్లు. నీళ్లలో దిగేవాళ్లలో సగం మంది అమ్మ తెచ్చినవాళ్లే. వాళ్లు ఒక్కొక్కరూ తడిసి వణుకుతూ గట్టెక్కితే, మార్చుకునే పొడిచీర అందించడానికి ఒకరు కావాలి. ఏటా ఆ పని అమ్మదే. పది పన్నెండు చీరలు చేతి మీద వేసుకుని, ఎవరి చీర ఎవరిదో తప్పు పోకుండా నిలబడేది. ఒక చీర ఎత్తి అడ్డం పట్టేది. ఆ చాటున వాళ్లు మార్చుకునేవాళ్లు. ఎండలో ఎంతసేపైనా అలాగే నిలబడేది.

నాకు పదహారేళ్లప్పుడు నేనూ దిగాను. నాకు ఇష్టం లేదు. నీకు ఇవ్వనిది నాకెందుకని పోట్లాడాను. నువ్వన్నా పో అంది. పాదిరిగారు నన్ను ముంచి లేపారు. చెవుల్లో నీళ్లు, కళ్లలో ఒండ్రు. గట్టెక్కేసరికి అమ్మ నా చీర పట్టుకుని నిలబడి ఉంది. పొడిచీర నా భుజాల చుట్టూ కప్పి, తన కొంగుతో నా తల, మొహం, మెడ తుడిచింది. కొంగు తడిసి ముద్దయింది. దాన్ని పిండబోయి రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని ఆగింది. పిండకుండానే తల మీద కప్పుకుంది. ఆ కాలువ నీళ్లు చుక్కలు చుక్కలుగా ఆమె నుదుటి మీదికి కారుతున్నాయి. తుడుచుకోలేదు. తరవాతి మనిషి గట్టెక్కుతుంటే ఇంకో చీర తీసి విప్పింది.